రేడియోట్రేసర్‌తో ఐరన్, జింక్ శోషణ కొలవడం: హోల్‌బాడీ కౌంటర్ పద్ధతి, దశలవారీగా

తిన్న ఐరన్‌లో ఒంటికి పట్టింది ఎంతో మామూలు రక్తపరీక్ష చెప్పదు. ఫెర్రిటిన్ నిల్వల సంగతి చెబుతుంది, హిమోగ్లోబిన్ వాటి పర్యవసానం చెబుతుంది. ఒక్క పూట తిన్నదాంట్లో ఎన్నో వంతు లోపలికి వెళ్లిందో తేలాలంటే ఆ ఐరన్‌కు రేడియోధార్మిక గుర్తు పెట్టి మింగించాలి. రెండు వారాలయ్యాక శరీరంలో ఆ గుర్తు ఎంత మిగిలిందో హోల్‌బాడీ కౌంటర్‌తో, అంటే ఒళ్లంతటి నుంచి బయటికొచ్చే గామా కిరణాలను లెక్కపెట్టే యంత్రంతో చూడాలి.

డోసు ఇచ్చిన రోజు వచ్చిన లెక్కను 100 శాతంగా తీసుకుంటాం. 14వ రోజు లెక్కను దానితో భాగిస్తాం. చాలా ల్యాబుల్లో శ్రద్ధంతా 14వ రోజు మీదే ఉంటుంది. కానీ ఫలితాలు ఎక్కువగా చెడేది మొదటి రోజున: డోసుకు ముందు ఖాళీ లెక్క (గుర్తు ఇవ్వకముందు మనిషిని కౌంటర్‌లో పెడితే వచ్చే లెక్క) సరిగా తీయకపోవడం వల్ల, 100 శాతాన్ని తప్పుగా పట్టుకోవడం వల్ల. హారం తప్పయ్యాక లవాన్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా లాభం లేదు. అందుకే ఇక్కడ సగానికి పైగా ఆ మొదటి రోజు పనుల గురించే ఉంటుంది.

ఇది రేడియోధార్మిక పదార్థాలు వాడే లైసెన్సు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న ల్యాబుల కోసం రాసింది.

1. ఐసోటోప్, మోతాదు

- ఐరన్-59: అర్ధాయువు 44.5 రోజులు. గామా కిరణాలు 1,099, 1,292 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, కిరణాల శక్తి కొలత) దగ్గర. శరీరం బయటి నుంచి కొలవడానికి బాగా సరిపోతుంది.
- జింక్-65: అర్ధాయువు 244 రోజులు. గామా 1,115 కేఈవీ.
- ఐరన్-55: అర్ధాయువు సుమారు 2.7 ఏళ్లు. వచ్చేది 5.9 కేఈవీ ఎక్స్‌రే మాత్రమే, అది ఒంట్లోంచి బయటికి రాదు. రక్తం నమూనాలో లిక్విడ్ సింటిలేషన్‌తో (నమూనాను మెరిసే ద్రవంలో కలిపి ఆ మెరుపులు లెక్కపెట్టే పద్ధతి) కొలవాల్సిందే.
- క్రోమియం-51: అర్ధాయువు 27.7 రోజులు, గామా 320 కేఈవీ. క్లోరైడ్ రూపంలో మింగిస్తే దాదాపుగా ఒంటికి పట్టదు. పేగుల్లో ఇంకా మిగులు ఉందా లేదా అని చూడటానికి పనికొస్తుంది.

మోతాదును కౌంటర్ సున్నితత్వాన్ని బట్టి నిర్ణయించాలి, అలవాటును బట్టి కాదు. పెద్దవాళ్లకు ఐసీఆర్‌పీ (రేడియేషన్ రక్షణపై అంతర్జాతీయ సంఘం) గుణకాల ప్రకారం, నోటి ద్వారా ఇచ్చిన ఐరన్-59 ఒక్కో బెకరెల్‌కు (రేడియోధార్మికత కొలత) 1.8 నానోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), జింక్-65 అయితే 3.9 నానోసీవర్ట్. అంటే 37 కిలోబెకరెల్ ఐరన్-59 ఇస్తే సుమారు 0.07 మిల్లీసీవర్ట్, అదే మోతాదులో జింక్-65 ఇస్తే సుమారు 0.14 మిల్లీసీవర్ట్. కౌంటర్ బాగుంటే జింక్ మోతాదు సగానికి తగ్గించండి. అప్పుడు రెండూ 0.1 లోపే ఉంటాయి.

ఐరన్-59, జింక్-65 రెండూ ఒకేసారి ఇవ్వాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. సోడియం అయొడైడ్ డిటెక్టర్‌లో 1,099, 1,115 శిఖరాలు (ఆ శక్తుల దగ్గర లెక్క పైకి లేచే చోట్లు) విడివిడిగా కనిపించవు, కలిసిపోయి ఒకే దిబ్బగా వస్తాయి. హై ప్యూరిటీ జర్మేనియం డిటెక్టర్ లేకపోతే ఆ పని పెట్టుకోవద్దు.

2. అనుమతులు, ఎవరిని తీసుకోకూడదు

ఎథిక్స్ కమిటీ, రేడియేషన్ సేఫ్టీ కమిటీ అనుమతులు రెండూ చేతికి వచ్చాకే ఐసోటోప్ ఆర్డర్ పెట్టండి. ఐరన్-59 షెల్ఫ్‌లో కూర్చున్నా తరిగిపోతూనే ఉంటుంది.

వీళ్లను తీసుకోకూడదు:

- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు. వీళ్ల కోసం ఐరన్-57, ఐరన్-58, జింక్-67, జింక్-70 లాంటి స్థిర ఐసోటోపులున్నాయి. వాటిని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు, రేడియేషన్ బాధ లేదు.
- ఈమధ్య న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్ లేదా అయొడిన్-131 చికిత్స అయినవాళ్లు.
- సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే రక్తపరీక్ష) పెరిగి ఉన్నవాళ్లు. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్ శోషణను అణిచేస్తుంది, ఫెర్రిటిన్ కూడా అసలు నిల్వల కంటే ఎక్కువ చూపిస్తుంది. తగ్గాక పిలవండి.
- రాబోయే రెండు వారాల్లో రక్తదానం చేసే ఆలోచన ఉన్నవాళ్లు.

ఐరన్, జింక్ మాత్రలు, యాంటాసిడ్లు రెండు వారాల ముందే ఆపించండి. చివరి లెక్క అయ్యేదాకా మళ్లీ మొదలుపెట్టొద్దని కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే సగం మంది మర్చిపోతారు.

3. కౌంటర్‌ను సిద్ధం చేయడం

గది షీల్డింగ్‌లో వాడిన స్టీల్ ఎప్పటిదో కనుక్కోండి. 1945 తర్వాతి స్టీల్‌లో కొన్నిసార్లు కోబాల్ట్-60 జాడలుంటాయి. దాని శిఖరాలు 1,173, 1,332 కేఈవీ, సరిగ్గా ఐరన్-59 విండోలోనే (లెక్కలోకి తీసుకునే శక్తి పరిధిలోనే). పాత స్టీల్ కోసం వెతికేది అందుకే.

విండో పెట్టే తీరు:

- ఐరన్-59కి 1,020 నుంచి 1,370 కేఈవీ వరకు. రెండు శిఖరాలూ లోపలికి వస్తాయి.
- జింక్-65కి 1,040 నుంచి 1,190 వరకు.

పై హద్దును 1,400 దాటించొద్దు. మనిషి ఒంట్లో ఎప్పుడూ పొటాషియం-40 ఉంటుంది. 70 కిలోల మనిషిలో అది నాలుగు వేల బెకరెల్ పైచిలుకే. దాని శిఖరం 1,461 కేఈవీ దగ్గర. విండో వెడల్పయితే ఆ శిఖరం తోక లోపలికి పాకుతుంది.

గెయిన్ (డిటెక్టర్ సంకేతాన్ని పెంచే స్థాయి) పక్కకు జరగడం అసలు తలనొప్పి. ఫొటోమల్టిప్లయర్ ట్యూబులకు (డిటెక్టర్‌లోని మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చేవి) ఉష్ణోగ్రత మార్పు గిట్టదు. గది ఏసీ రాత్రి ఆపేసి పొద్దున్నే వేస్తే శిఖరాలు పక్కకు జరుగుతాయి. ఏసీని ఆపకుండా నడపండి. రోజూ కౌంటింగ్‌కు ముందు సీసియం-137తో 662 కేఈవీ శిఖరం ఏ ఛానెల్‌లో ఉందో చూసి రాసుకోండి, తర్వాత ఆ సోర్సును గది బయట పెట్టేయండి. మనిషిని కొలిచిన ప్రతి స్పెక్ట్రమ్‌లోనూ పొటాషియం-40 శిఖరం ఉండాల్సిన చోటే ఉందో లేదో చూసుకోండి. పైసా ఖర్చు లేని తనిఖీ ఇది.

ప్రతిరోజు చెక్‌లిస్టు:

- ఖాళీ గది లెక్క, కనీసం మనిషిని కొలిచేంత సేపు
- సీసియం శిఖరం స్థానం
- స్టాండర్డ్ సీసా లెక్క (దీని సంగతి కింద)
- గది ఉష్ణోగ్రత
- డెడ్‌టైమ్ (ఒక కిరణాన్ని నమోదు చేస్తూ కౌంటర్ మిగతావాటిని లెక్కించలేని సమయం) శాతం

4. డోసు, స్టాండర్డ్ తయారీ

ఐరన్-59 సాధారణంగా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఫెర్రిక్ క్లోరైడ్‌గా వస్తుంది. దాన్ని మామూలు నీళ్లతో పలుచన చేయొద్దు. ఆమ్లత్వం తగ్గగానే ఐరన్ హైడ్రాక్సైడ్‌గా మారి గాజు గోడకు అతుక్కుంటుంది. తీసిన ప్రతి డోసులోనూ ఒక్కో మోతాదు వస్తుంది, కారణం అంతుచిక్కదు. పలుచన చేయడానికి 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడండి, ప్లాస్టిక్ సీసాలే పెట్టండి.

డోసులను పిపెట్ గీత చూసి కాకుండా తూకం వేసి పంచండి. ప్రతి సీసాను ముందు ఖాళీగా, తర్వాత నిండుగా తూచి తేడా రాయండి. అదే బ్యాచ్ నుంచి తూచిన ఇంకో భాగాన్ని నీళ్లు నింపిన ఫాంటమ్‌లో (మనిషి ఒంటికి బదులు పెట్టే నమూనా) పెట్టి సీల్ చేయండి. ఇదే స్టాండర్డ్. మనిషిని కొలిచే ప్రతిరోజూ దీన్నీ కొలవాలి. ఐసోటోప్ సహజంగా తరిగిపోవడం, డిటెక్టర్ సున్నితత్వం కొద్దిగా మారడం రెండింటినీ ఈ ఒక్క సీసాతో సరిచేయొచ్చు.

గుర్తును భోజనంలో కలిపేటప్పుడు:

1. గుర్తు ద్రావణాన్ని భోజనంలోని తడి భాగంలో ముందు కలపాలి. ఒకే చోట పోయొద్దు.
2. బాగా కలిపి కాసేపు ఆగాలి. గుర్తు ఐరన్ భోజనంలోని ఐరన్‌తో కలిసి ఒకే రాశిగా మారడానికి సమయం కావాలి.
3. ద్రావణంతో పాటు వెళ్లే ఐరన్ బరువు ఎంతో సరఫరా పత్రంలో చూసి, భోజనంలోని ఐరన్‌కు కూడాలి.

పైనుంచి గుర్తు కలిపే ఈ పద్ధతి హీమ్ కాని ఐరన్‌కే చెల్లుతుంది. మాంసంలోని హీమ్ ఐరన్ ఆ రాశిలో కలవదు. ఎలిమెంటల్ ఐరన్ పొడి, ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ లాంటి సరిగా కరగని పదార్థాలూ కలవవు. వాటికి తయారీ దశలోనే గుర్తు పెట్టించాలి. లేకపోతే మీరు కొలిచేది గుర్తు శోషణే అవుతుంది, ఆ పదార్థానిది కాదు.

5. డోసుకు ముందు ఖాళీ లెక్క

ఈ దశను తొందరగా ముగించేద్దామనిపిస్తుంది. ఆగండి.

వాలంటీర్ తలస్నానం చేసి రావాలి, ల్యాబులో గౌను మార్చుకోవాలి. కారణం రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు. గాలిలోని రేడాన్ సంతతి (అది విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థాలు) జుట్టుకు, బట్టలకు అంటుకుంటుంది. అందులో బిస్మత్-214కు 1,120 కేఈవీ గామా ఉంది. అది ఐరన్-59 విండోలోనూ జింక్-65 విండోలోనూ పడుతుంది. ఖాళీ లెక్క రోజున జుట్టుకు రేడాన్ పట్టి, 14వ రోజున పట్టకపోతే, శోషణ ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది.

అనుమానం వస్తే స్పెక్ట్రమ్‌లో 1,764 కేఈవీ దగ్గర చూడండి. బిస్మత్-214కు అక్కడ కూడా శిఖరం ఉంది, పొటాషియం దానికి అడ్డురాదు. అక్కడ గుట్ట కనిపిస్తే వాలంటీర్‌ను మళ్లీ స్నానానికి పంపి, శుభ్రమైన గాలి ఉన్న గదిలో రెండు మూడు గంటలు కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. ఆలోపు ఆ సంతతి చాలావరకు తరిగిపోతుంది.

వెల్లకిలా, బోర్లా రెండు భంగిమల్లోనూ లెక్క తీయండి. మడమలు, తల ఎక్కడ ఆనాయో మంచం మీద టేపుతో గుర్తు పెట్టండి. 14వ రోజు అక్కడే పడుకోబెట్టాలి.

6. డోసు ఇవ్వడం

రాత్రి నుంచి కనీసం 10 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. మెడ కింద ప్లాస్టిక్ కప్పిన ఏప్రాన్ కట్టండి. తిన్నాక గిన్నెను, గ్లాసును రెండుసార్లు కొద్ది నీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా తాగించండి. ఆ తర్వాత 3 నుంచి 4 గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు.

ఖాళీ గిన్నె, చెంచా, తుడిచిన కాగితాలు అన్నీ ఒక సంచిలో వేసి కౌంటర్‌లో కొలవండి. అక్కడ మిగిలింది ఒంట్లోకి వెళ్లలేదు, దాన్ని డోసులోంచి తీసేయాలి.

7. 100 శాతం లెక్క

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. మింగిన వెంటనే డోసంతా పొట్టలో ఒక్కచోట ఉంటుంది. 14వ రోజున పట్టిన ఐరన్ రక్తంతో పాటు ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది. డిటెక్టర్ కదలకుండా పొట్ట మీదే ఉంటే మొదటి లెక్క పెరిగిపోతుంది, శోషణ తక్కువగా కనిపిస్తుంది.

చేయాల్సినవి, ఈ వరుసలోనే:

1. చేతులు, ముఖం కడిగించి గౌను మార్పించండి. కాలరు మీద పడిన ఒక్క చుక్క 100 శాతంలో కలిసిపోతుంది.
2. డోసు ఇచ్చి 3 నుంచి 4 గంటలయ్యాక కొలవండి. అప్పటికి డోసు పొట్ట దాటి పేగుల్లోకి సాగి ఉంటుంది, ఇంకా బయటికి పోయి ఉండదు. ఈలోపు వాలంటీర్ మల విసర్జనకు వెళ్తే, పాత తిండే కాబట్టి కంగారు పడక్కర్లేదు. వాంతి అయితే మాత్రం ఆ డోసు రద్దే.
3. వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి కొలిచి రెండు నికర లెక్కల గుణ మధ్యమం (రెండింటి లబ్ధానికి వర్గమూలం) తీసుకోండి. ముందు వెనకల తేడా చాలావరకు పోతుంది.
4. డెడ్‌టైమ్ చూసి లైవ్‌టైమ్‌తో (డెడ్‌టైమ్ తీసేయగా మిగిలిన సమయంతో) లెక్కించండి. మొదటి రోజు లెక్కల రేటు ఎక్కువ, 14వ రోజు తక్కువ. సవరించకపోతే శోషణ ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో దారిలోనూ 100 శాతాన్ని కట్టండి. తాగిన డోసు బరువును స్టాండర్డ్‌లో గ్రాముకు వచ్చిన లెక్కతో గుణించి, ఫాంటమ్‌కూ మనిషికీ ఉన్న సున్నితత్వపు నిష్పత్తితో సరిచేయండి. ఈ నిష్పత్తి కోసం సీసాలతో కూర్చిన బోమాబ్ ఫాంటమ్‌ను వాడతారు. సోర్సును ఒకసారి పొట్ట స్థానంలో పెట్టి, ఒకసారి అన్ని సీసాల్లో సమంగా నింపి కొలుస్తారు. రెండు దారుల్లో వచ్చిన 100 శాతాల మధ్య తేడా 5 శాతం దాటితే వాలంటీర్‌ను ఇంటికి పంపే ముందే కారణం వెతకండి. రెండు వారాల తర్వాత వెతికితే దొరకదు.

8. 14వ రోజు లెక్క

మళ్లీ తలస్నానం, అవే గౌన్లు, అవే టేపు గుర్తులు, అవే రెండు భంగిమలు. ముందు స్టాండర్డ్, ఖాళీ గది లెక్క పూర్తి చేసి ఉంచండి.

పట్టని ఐరన్ మామూలుగా వారం లోపే బయటికి పోతుంది. పేగు కణాల్లో ఆగిన ఐరన్ కూడా ఆ కణాలు మూడు నాలుగు రోజుల్లో రాలిపోతే వాటితోనే పోతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లతోనే చిక్కు. వాళ్లను రెండు మూడు రోజులాగి మళ్లీ కొలవండి. లెక్క స్థిరంగా ఉంటే అది పట్టిందే, పడిపోతుంటే పేగుల్లోని మిగులే. క్రోమియం-51 కూడా ఇచ్చి ఉంటే 320 కేఈవీ దగ్గర చూస్తే ఇంకా తొందరగా తెలుస్తుంది.

9. లెక్క కట్టడం

ఒక ఉదాహరణ, అన్నీ 10 నిమిషాల లెక్కలు:

- డోసుకు ముందు వాలంటీర్: 6,000
- డోసు తర్వాత: 96,000. నికరం 90,000
- ఆ రోజు స్టాండర్డ్ నికరం: 40,000
- 14వ రోజు వాలంటీర్: 16,854. నికరం 10,854
- 14వ రోజు స్టాండర్డ్ నికరం: 32,160

మొదటి రోజు నిష్పత్తి 90,000 ÷ 40,000 = 2.25. 14వ రోజు నిష్పత్తి 10,854 ÷ 32,160 = 0.3375. శోషణ = 0.3375 ÷ 2.25 = 0.15, అంటే 15 శాతం.

స్టాండర్డ్ 40,000 నుంచి 32,160కి దిగిందంటే 0.804 వంతు మిగిలింది. 44.5 రోజుల అర్ధాయువుతో 14 రోజులకు రావాల్సింది కూడా ఇంతే. ఈ అంకె తేడాగా వస్తే మనిషి లెక్క జోలికి వెళ్లకముందే డిటెక్టర్‌ను చూడండి.

గణాంక దోషం: 16,854కు 6,000 కలిపి వర్గమూలం తీస్తే సుమారు 151. నికరంలో అది 1.4 శాతం, బాగానే ఉంది. అదే వాలంటీర్‌లో శోషణ 2 శాతమే అనుకోండి. నికరం 1,447కు పడిపోతుంది, దోషం 8 శాతానికి ఎగబాకుతుంది. తక్కువ పట్టే భోజనాలను కొలిచేటప్పుడు కౌంటింగ్ సమయం నాలుగు రెట్లు చేస్తే దోషం సగమవుతుంది. డోసు పెంచే ముందు సమయం పెంచండి.

10. మనిషికీ మనిషికీ తేడా సరిచేయడం

ఐరన్ నిల్వలు తక్కువున్నవాళ్లు ఎక్కువ పీల్చుకుంటారు. అందుకే భోజనాన్ని ఒక రిఫరెన్స్ డోసుతో పోల్చాలి: 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లలో ఫెర్రస్ సల్ఫేట్ రూపంలో 3 మిల్లీగ్రాముల ఐరన్, 30 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం. పరగడుపున ఇవ్వాలి. రిఫరెన్స్ శోషణ 40 శాతం ఉన్నట్టుగా భోజనం శోషణను మార్చి రాస్తారు. భోజనం 6, రిఫరెన్స్ 30 వస్తే, 6 × 40 ÷ 30 = 8 శాతం.

రిఫరెన్స్‌ను కూడా ఐరన్-59తోనే ఇస్తుంటే మొదటి డోసు 14వ రోజు లెక్క రెండో డోసుకు ఖాళీ లెక్క అవుతుంది. అయితే అందులోని ఐరన్-59 వాటా తర్వాతి రెండు వారాల్లో మళ్లీ 0.804 వంతుకు తరుగుతుంది. పొటాషియం వాటా తరగదు. రెండింటినీ విడదీసి తరుగును ఒక్కదానికే వేయాలి. ఈ చిన్న పని మర్చిపోతే రిఫరెన్స్ శోషణ తక్కువగా తేలి, సవరించిన శాతాలన్నీ పైకి ఎగురుతాయి.

గుంపు ఫలితాన్ని మామూలు సగటుతో కాకుండా గుణ మధ్యమంతో చెప్పండి. ఐరన్ శోషణ అంకెలు ఒక పక్కకు బాగా సాగి ఉంటాయి.

11. జింక్ అయితే మార్చాల్సినవి

శరీరం నుంచి ఐరన్ రోజుకు సుమారు ఒక మిల్లీగ్రామే పోతుంది, కాబట్టి 14వ రోజు నిలిచిందే పట్టిందనుకోవచ్చు. జింక్ అలా కాదు. పట్టిన జింక్ కూడా పాంక్రియాస్ రసాల ద్వారా తిరిగి పేగుల్లోకి వచ్చి బయటికి పోతుంటుంది. ఒకే లెక్కతో ముగిస్తే శోషణ తక్కువగా వస్తుంది.

10వ రోజు నుంచి నాలుగో వారం దాకా కనీసం నాలుగు సార్లు కొలవండి. తరుగు సవరించిన శాతాలను సెమీలాగ్ గ్రాఫ్ (నిలువు అక్షం లాగరిథమ్‌లో ఉండే గ్రాఫ్) మీద పెట్టి, తిన్నని గీతను వెనక్కి సున్నా రోజుకు పొడిగించండి. ఆ గీత నిలువు అక్షాన్ని తాకే చోటే శోషణ. 10వ రోజుకు ముందు బిందువులు వాడొద్దు, వాటిలో పేగుల్లోని మిగులు కలిసి ఉంటుంది. జింక్-65 తరుగు 14 రోజులకు 0.961 వంతే అయినా సవరణ వదిలేయొద్దు, గీత వాలు దానితోనే మారిపోతుంది.

12. రక్తంతో సరిచూడటం

హోల్‌బాడీ కౌంటర్ లేనిచోట 14వ రోజు రక్తంలో గుర్తు కొలుస్తారు. మిల్లీలీటరుకు వచ్చిన రేడియోధార్మికతను మొత్తం రక్త పరిమాణంతో గుణించి, డోసుతో భాగించి, మళ్లీ 0.80తో భాగిస్తారు. పట్టిన ఐరన్‌లో 80 శాతం ఎర్రకణాల్లోకి వెళ్తుందన్న ఊహ అది. ఆరోగ్యవంతుల్లో పనికొస్తుంది. ఐరన్ లోపం ఉంటే వాటా ఇంకా ఎక్కువ, తలసీమియాలో, దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్‌లో బాగా తక్కువ. అలాంటివాళ్లలో రెండు పద్ధతులూ పొసగకపోతే హోల్‌బాడీ లెక్కనే నమ్మండి.

13. తేడా వస్తే ఎక్కడ చూడాలి

- 14వ రోజు శాతం నమ్మలేనంత ఎక్కువ: మలబద్ధకం, లేదా మొదటి రోజు డెడ్‌టైమ్ సవరించలేదు.
- అందరిలోనూ ఒకే మేర తక్కువ: పొట్ట స్థానం సవరణ లేదు, లేదా ఖాళీ లెక్కల్లో రేడాన్ ఉంది.
- ఒక్కరిలోనే చాలా తక్కువ: బట్టల మీద పడిన చుక్క, యాంటాసిడ్ వాడకం, ఇన్‌ఫెక్షన్. ఈ వరుసలో అడగండి.
- ఒకే బ్యాచ్ డోసులు ఒకదానికొకటి పొసగట్లేదు: ద్రావణం ఆమ్లత్వం పోయి ఐరన్ సీసాకు అతుక్కుంది.
- నికరం రుణ సంఖ్య: శోషణ సున్నాకు దగ్గరగా ఉంది, లేదా గెయిన్ జరిగింది. పొటాషియం శిఖరం ఎక్కడుందో చూడండి. అంకెను సున్నా చేసి రాయొద్దు, వచ్చింది వచ్చినట్టే పెట్టండి.

14. మిగులు పదార్థాల పారవేత

గిన్నెలు, సంచులు, పిపెట్ కొనలను ఐసోటోప్ వారీగా వేరు చేసి, తేదీ వేసి దాచాలి. పది అర్ధాయువులు ఆగాలన్న లెక్కన ఐరన్-59కి 445 రోజులు, జింక్-65కి దాదాపు ఆరేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. రెండింటినీ ఒకే డబ్బాలో వేస్తే ఆ డబ్బా మొత్తం జింక్ గడువు దాకా స్టోర్‌లో ఉండాల్సిందే.